మన గడపలో సిగ్నల్ ఉందా?

(సాయంత్రం తరగతిలో ఒక వాలంటీర్ టీచరు చేసిన ప్రసంగం)



ఈ పూట పుస్తకాలు మూసిపెట్టండి. పెన్ను మాత్రం చేతిలో ఉంచుకోండి. మధ్యలో కొన్ని అంకెలు రాసుకోవాలి.

మొన్న మీరే అడిగారు. "అమ్మాయ్! మన ఊళ్లో ఏ సిమ్ము వేస్తే నెట్టు వస్తుంది? ఇంటికి వైరు పెట్టించుకోమంటావా?" అని. నాకు తెలిసింది చెప్తాను. నేను ఇంజనీరును కాదు. టీచరు ట్రైనింగ్ చదివినదాన్ని. కాని ఈ విషయంలో ఒకసారి బాగా దెబ్బ తిన్నాను. అందుకే చెప్తున్నాను.

ముందు నా సంగతి వినండి.

2025 ఏప్రిల్ 20న డీఎస్సీ ప్రకటన వచ్చింది. 16,347 టీచరు పోస్టులు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఆఖరి తేది మే 15. నాకు ఒక సర్టిఫికెట్ ఆలస్యంగా చేతికొచ్చింది. మే 14 రాత్రి ఫోను పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఫోనులో ఉన్నది కొత్త సిమ్ము. రెండు నెలల ముందు టౌనులో కొన్నాను. అంగడాయన తన ఫోను చూపించాడు. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. "ఏడాదికి ఒకేసారి కట్టమ్మా, చవక" అన్నాడు. నాన్న శనగలు అమ్మిన డబ్బులో నుంచి కట్టాను. ఆయన చూపించింది టౌనులో సిగ్నల్. నేను ఉండేది పదకొండు కిలోమీటర్ల అవతల, మన ఊళ్లో. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

ఆ రాత్రి ఫారం నింపాను. ఫోటో పంపుదామంటే చక్రం తిరుగుతూనే ఉంది. మిద్దె ఎక్కాను. నీళ్ల ట్యాంకు పక్కన నిలబడ్డాను. దోమలు పీక్కుతిన్నాయి. పదకొండింటికి ఫీజు కట్టాను. బ్యాంకులో డబ్బు కట్ అయింది. రసీదు రాలేదు. ఏడుపొచ్చింది. నాన్న లేచి వచ్చి, "తెల్లారి పోదాం పడుకో" అన్నాడు. ఎవరికి నిద్ర పడుతుంది?

తెల్లవారగానే బండి మీద టౌనుకు పోయాం. నెట్ సెంటరు దగ్గర అప్పటికే బారుగా జనం ఉన్నారు. మధ్యాహ్నానికి నా దరఖాస్తు పోయింది.

ఉద్యోగం రాలేదులెండి. అది నా మార్కుల తప్పు. దాన్ని సిగ్నల్ మీదికి నెట్టను. కాని పరీక్షకు పోకముందే ఇంట్లో కూర్చుని ఓడిపోయేదాన్ని. అది మాత్రం మర్చిపోలేను.

మీకూ ఇట్లాంటివి ఉన్నాయి. చివరి వీధి అత్త కొడుకు కువైట్‌లో ఉన్నాడు. అతని మొహం చూడాలంటే అత్త చెరువు కట్ట ఎక్కాలి. రేషన్ డీలరు మిషను పట్టుకుని అరుగు మీద ఒకసారి, రోడ్డు మీద ఒకసారి నిలబడతాడు. వేలిముద్ర పడేదాకా మనమూ ఆయన వెంట తిరుగుతాం. అవునా, కాదా?

సరే. ఈ నెట్టు ఎట్లా వస్తుందో చూద్దాం.

పెళ్లి ఇంట్లో మైకు పెడతారు కదా. దగ్గరగా ఉంటే చెవులు పగిలిపోతాయి. దూరం పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. మధ్యలో గుట్ట అడ్డం వస్తే అసలు వినపడదు. టవరు కూడా అంతే. ఫోనులో కనపడే గీతలు, టవరు మాట మన ఫోనుకు ఎంత గట్టిగా వినపడుతోందో చెప్తాయి. అంతవరకే చెప్తాయి.

"మరి గీతలన్నీ ఉన్నా వీడియో రాదేం?" అని మూడో వరసలో అక్క అడుగుతోంది. మంచి ప్రశ్న. మన వీధి కుళాయిని తలచుకోండి. పొద్దున నలుగురే ఉంటే బిందె చిటికెలో నిండుతుంది. అందరూ ఒకేసారి తిప్పితే సన్నగా కారుతుంది. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఊరంతా ఫోన్లు తీస్తుంది. ఉన్న ఒక్క టవరే అందరికీ పంచాలి. ఆ టవరుకు వచ్చే పైపు కూడా సన్నదైతే ఇక చెప్పేదేముంది?

ఇంకొక మోసం ఉంది. మోసం అనకూడదేమో, తికమక అనాలి. "రోజుకు 2 జీబీ" అని రాసి ఉంటుంది. అది బిందెల లెక్క. ఎన్ని బిందెలు పట్టుకోవచ్చో చెప్తుంది. ధార ఎంత లావుగా వస్తుందో చెప్పదు. ధార లెక్కను ఎంబీపీఎస్ అంటారు. కనీసం 2 ఎంబీపీఎస్ ధార ఉంటేనే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలని 2023లో ప్రభుత్వం నిర్ణయించింది. అంతకుముందు అందులో నాలుగో వంతు ఉన్నా అట్లాగే పిలిచేవాళ్లు. వైరు అమ్మడానికి వచ్చినవాణ్ణి ఈ మాట అడగండి. "బిందెలు సరే బాబూ, ధార ఎంత?" అని.

ఇప్పుడు మన కాగితం సంగతి. గోడకు అంటించి ఉంది చూడండి.

పోయిన నెల రెండు వారాలు మనం దీన్ని రాశాం. వీధి, కంపెనీ, వేళ, వచ్చిందా రాలేదా. మన రాష్ట్రంలో సిమ్ములు ఇచ్చే కంపెనీలు నాలుగే. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్. ఎవరింట్లో ఏ సిమ్ము ఉంటే దానితోనే చూశాం. అందరం ఒకే పాట పెట్టాం. ఆగకుండా ఆడితే "వచ్చింది" అని రాశాం. ఒక పిన్నమ్మ "రలేదు" అని రాసింది. పక్కనామె దీర్ఘం ఇచ్చింది. దీర్ఘం లేకపోయినా సంగతి నిజమే కదా!

ఏం తేలింది? రామాలయం వీధిలో బాగా వచ్చే కంపెనీ చెరువు పక్క ఇళ్లలో రావడం లేదు. అక్కడ వేరే కంపెనీ వస్తోంది. ఇంకొకటి పగలు బాగుంది, రాత్రి పడుకుంటోంది. కరెంటు పోయిన గంటకల్లా రోడ్డు పక్క టవరు కూడా మూగబోతోంది. అంటే అక్కడ బ్యాటరీ సరిగా లేదన్నమాట. ఇవి ఏ అంగడాయనా చెప్పేవి కావు. ఏ ప్రాంతంలో తమ సిగ్నల్ ఉందో పటం వేసి తమ వెబ్‌సైట్‌లో చూపించాలని ట్రాయ్ 2024లో కంపెనీలకు నియమం పెట్టింది. అదీ చూడొచ్చు. కాని మన వంటింట్లో సంగతి పటానికి తెలియదు.

ఈ కాగితం నాకు ముందే ఉంటే నాన్న శనగల డబ్బు మిగిలేది.

అందుకని కొత్త సిమ్ము తీసుకునేవాళ్లు ముందు పక్కింటివాళ్ల ఫోను మీ ఇంటికి తెప్పించుకోండి. మీరు కూర్చునే చోట, మీకు పని పడే వేళకు చూడండి. బాగుంటే చిన్న రీఛార్జే వేయించండి. నెల చూశాక పెద్దది. ఇల్లు కూడా చూసుకోండి. రేకుల ఇంట్లో సిగ్నల్ బాగా తగ్గుతుంది, ఇనుము దాన్ని ఆపుతుంది. కిటికీ దగ్గరికి, వాకిట్లోకి వస్తే పెరుగుతుంది.

"పాత నంబరు పోతే బ్యాంకు ఎట్లా, ఆధార్ ఎట్లా?" అని భయపడకండి. నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకోవచ్చు. ఇక్కడ రాసుకోండి. 1900. మీ ఫోను నుంచి ఆ నంబరుకు మెసేజి పంపాలి. ఇంగ్లీషు అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు కొట్టాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. ఆధార్ కార్డు, ఆ కోడ్ తీసుకుని కొత్త కంపెనీ అంగడికి పోవాలి. పాత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. ఇంకొకటి, పాత సిమ్ములో మిగిలిన రీఛార్జి కొత్తదాంట్లోకి రాదు. ఏడాదికి కట్టిన నాలాంటివాళ్లకు అదే నష్టం. ఆ కోడ్ ఫోనులో ఎవరు అడిగినా చెప్పకండి.

ఇక వైరు. దీన్ని ఫైబర్ అంటారు. లోపల ఉండేది రాగి కాదు, గాజు. వెంట్రుకంత సన్నగా ఉంటుంది. అందులో వెలుగు పరుగెత్తుతుంది. గుట్ట అడ్డం ఉన్నా దానికి లెక్కలేదు. పంచాయతీలన్నిటికీ ఈ వైరు వేయాలని కేంద్ర ప్రభుత్వం 2011లోనే నిర్ణయించింది. దాన్నే ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నారు. 2023 ఆగస్టులో దానికి ఇంకా 1 లక్షా 39 వేల కోట్ల రూపాయలు ఒప్పుకున్నారు. మన రాష్ట్రం సొంతంగా ఏపీ ఫైబర్‌నెట్ తెచ్చింది. కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. టీవీ, ఫోను, నెట్టు మూడూ కలిపి నెలకు 149 రూపాయలకని అప్పట్లో మొదలుపెట్టారు. ఇప్పటి ధర ఆపరేటరును అడగండి.

ధర అడిగేటప్పుడు పన్ను కలిపి అడగండి. 499 అంటే 499 కాదు. 18 శాతం జీఎస్టీ పడుతుంది. లెక్క కట్టండి చూద్దాం. 588 రూపాయల 82 పైసలు. చెప్పానా, మనం నేర్చుకున్న లెక్క ఊరికే పోదు! పెట్టె మనదా, వాళ్లదా? డిపాజిట్ తిరిగి ఇస్తారా? కాగితం మీద రాయించుకోండి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. "తెగితే ఎన్నాళ్లకు వస్తారు?" దీన్ని ఆపరేటరును అడిగితే "వెంటనే" అంటాడు. ఇప్పటికే వైరు ఉన్న ఇంటామెను అడగండి. గడ్డి ట్రాక్టరు తగిలి వైరు తెగినప్పుడు ఎన్ని రోజులు కూర్చుందో ఆమె చెప్తుంది. జేసీబీ తవ్వినా తెగుతుంది, కొమ్మ విరిగిపడినా తెగుతుంది. వారం రోజులు రానివాడి వైరుకంటే, రేపే వచ్చేవాడి వైరు వంద రూపాయలు ఎక్కువైనా నయం. ఇది నా అభిప్రాయం.

ఆ వైరులో కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే నెట్టు పెట్టె కూడా ఆగుతుంది. చిన్న బ్యాటరీ ఉంటే నడుస్తుంది. పెట్టెను బీరువా వెనక దాచకండి, ఎత్తుగా పెట్టండి. కొందరు వైరు లేకుండా మిద్దె మీద పెట్టే పెట్టె కూడా అమ్ముతున్నారు. పేరులో ఫైబర్ ఉంటుంది. దానికీ టవరు కావాలి. టవరు అందని చోట అదీ పని చేయదు.

మధ్యలో కొన్ని జాగ్రత్తలు. సిగ్నల్ పెంచే మిషను అని బజార్లో అమ్ముతారు. ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని పెట్టడం నేరం. పైగా చుట్టుపక్కల ఫోన్లను చెడగొడుతుంది. "మీ పొలంలో టవరు పెడతాం, నెలనెలా అద్దె ఇస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోను చేస్తే అది దొంగ ఫోను. రూపాయి కూడా కట్టకండి. "5జీ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అన్నా అంతే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. రాసుకున్నారా? ఇంకొకటి, 112. రాత్రివేళ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా 112 కొట్టండి. వేరే కంపెనీ టవరు అందుతుంటే దాని మీదుగా ఆ ఫోను పోతుంది.

సిమ్ము వేశాం, డబ్బు కట్టాం, నెట్టు రావడం లేదు. అప్పుడు? 198కి ఫోను చేయండి. డబ్బు పడదు. ఫిర్యాదు నంబరు ఇవ్వమనండి. ఇవ్వకుండా పెట్టేస్తే మళ్లీ చేయండి. తేదీ వేసి నోటు పుస్తకంలో రాయండి. పరిష్కారం కాకపోతే 30 రోజుల లోపల అదే కంపెనీలో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. నంబరు రాసి పెట్టుకోనివాళ్ల మాట అక్కడ నిలవదు. నేను మొదటిసారి రాసుకోలేదు. "ఏ ఫిర్యాదు మేడమ్?" అన్నారు.

కాని రోడ్డు పక్క టవరు బ్యాటరీ ఒక ఇంటి బాధ కాదు. పంచాయతీ ఆఫీసులో గోడకు వేలాడే ఫైబర్ పెట్టెలో దీపం వెలగకపోవడం కూడా అంతే. ఆ పెట్టె మీద సాలీడు గూడు కట్టింది, మీరంతా చూశారు. అందుకే పోయిన శుక్రవారం అర్జీ రాశాం. మన కాగితంలోని లెక్కలన్నీ అందులో ఎక్కించాం. కింద ఇరవై రెండు సంతకాలు. వేలిముద్ర ఒక్కటి కూడా లేదు. సర్పంచి గారు ఆ సంతకాలు చూసి ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "టవరు నా చేతిలో లేదమ్మా" అన్నారు. నిజమే. పెట్టె సంగతి పై ఆఫీసుకు రాస్తానన్నారు. రాశారో లేదో బుధవారం పోయి అడగాలి.

సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. అక్కడికి పోదామనుకున్నాం కదా. ఆటో ఆరున్నరకు రామాలయం దగ్గరికి వస్తుంది. మనిషికి అరవై రూపాయలు. అయిదుగురు వస్తామన్నారు, ఇంకొకరికి చోటుంది. అర్జీ చదివి వినిపించేది నేను కాదు. చివరి వీధి అత్త చదువుతానంది. శనివారం రాత్రి కూర్చుని రెండుసార్లు చదివి చూసుకుందాం అత్తా. "ఫిర్యాదు" దగ్గర కొంచెం ఆగుతున్నారు.