పెరటి కూరలు, పచ్చి మసాలాలు: కూర వార్చిన నీరు పారబోయకండి
(ప్రసంగ పాఠము)



పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతములలో సేద్యము చేయువారికి నీటి విలువను మరియొకరు చెప్పవలసిన పని లేదు. పడమటి కనుమల వాననీడలో ఉన్న మన సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు అదనుకు కురియునని నమ్మకము లేదు. బోరులో నీరు ఎంత వచ్చుచున్నదో, ఏ మడికి ఎంత పారినదో మీకు కంఠస్థముగా తెలియును. ఇంత జాగ్రత్తగా నీటిని లెక్కించు మనము, వంటయింటిలో మాత్రము ప్రతిదినము ఒక చెంబెడు నీటిని లెక్కలేకుండ పారబోయుచున్నాము. అది ఆకుకూర ఉడికించి వార్చిన నీరు. ఆ నీటిలో ఏమున్నదో, దానిని ఎట్లు దక్కించుకొనవలెనో, పెరటిలో ఆయా కాలములలో కాచిన కూరగాయలను పచ్చి ఆకులతోను, దినుసులతోను ఎట్లు వండుకొనవలెనో మీకు చెప్పదలచినాను.

ఇది ఆడవారి విషయమని మగవారు లేచి పోవద్దు. పెరటికి నీరు మళ్ళించువారు, సంతలో సరుకు కొనువారు, కూర ఎట్లున్నదో తీర్పు చెప్పువారు అందరును ఇందులో భాగస్థులే.

ఈ విషయము ఎందుకు ముఖ్యము?

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి సుమారు 63 మందికి కలదు. అనగా ఒక ఊరిలో వేరుశనగ పీకుటకు పదిమంది స్త్రీలు చేనిలోకి దిగినచో, వారిలో అయిదారుగురు నెత్తురు చాలని వారే. మధ్యాహ్నమునకే కాళ్ళు పీకుట, మెట్టు ఎక్కిన ఆయాసము, కండ్లు తిరుగుట, వీటిని మనము ఎండదెబ్బ అనియు, సోమరితనమనియు అనుకొనుచున్నాము. బిడ్డ చదువులో వెనుకబడినచో బుద్ధి మందమని అనుకొనుచున్నాము. చాల ఇండ్లలో అసలు కారణము పళ్ళెములో ఉన్నది.

మన సంగటి మంచి ఆహారము. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము, అనగా ఎముకలకు బలమిచ్చు సున్నము కలదు. కాని సంగటిని ఒట్టి కారముతోనో, పలుచని చారుతోనో మింగినచో సరిపోదు. దానికి ఆకు, కాయ, పప్పు తోడు కావలెను. రోజుకు మనిషికి 400 గ్రాములకు తగ్గకుండ కూరగాయలు, పండ్లు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయిదుగురున్న ఇంటికి ఇది రెండు కిలోలు. అంతయు సంతలో కొనుట పేద రైతుకు సాధ్యము కాదు. కావున పెరడే దిక్కు.

ఒక సెంటు చాలును

ఇంటి వెనుక ఒక సెంటు స్థలమున్నను కూర మొదలు పెట్టవచ్చును. బియ్యము, రాగులు, కూరగాయలు కడిగిన నీటిని చిన్న కాలువ ద్వారా మడులకు మళ్ళించండి. సబ్బు కలిసిన స్నానపు నీటిని ఆకుకూరలకు పెట్టక, ఇసుక, గులకరాళ్ళు నింపిన గుంటలో దింపి, అరటికిని కరివేప చెట్టుకును పారించండి.

తోటకూర, మెంతికూర విత్తిన 25 నుండి 30 దినములలో కోతకు వచ్చును. కొత్తిమీరకు ధనియాలను గట్టినేలపై మెల్లగా రుద్ది రెండు బద్దలుగా చేసి, ఒక రాత్రి నానబెట్టి విత్తవలెను. మొత్తము ఒకేసారి చల్లక, పదునైదు దినములకు ఒక చిన్న మడి చొప్పున చల్లినచో ఎప్పుడును లేత ఆకు దొరకును. ఎండకాలములో దానికి కొంత నీడ ఉండవలెను. పుదీనా కొమ్మలను తొట్టి ప్రక్కన తేమ ఉన్న చోట నాటినచో చాలును. ఒక కరివేప, ఒక మునగ, ఒక నిమ్మ, ఈ మూడు చెట్లు ఉన్న ఇంటికి సగము సంత ఇంటిలోనే ఉన్నట్లు.

వంటలో గుర్తుంచుకొనవలసిన విషయములు

మొదటిది, ఆకును ముందు కడిగి తరువాత తరుగవలెను. తరిగిన పిమ్మట కడిగినచో సి విటమిను, కొన్ని బి విటమినులు నీటితో పోవును. ఇవి నీటిలో కరగు గుణము కలవి.

రెండవది, నీరు తెర్లిన తరువాత కూర వేసి, మూత పెట్టి, మెత్తబడగానే దింపవలెను. సి విటమిను వేడికి నశించును గాన ఎక్కువసేపు ఉడికించరాదు. త్వరగా ఉడుకునని వంటసోడా వేయుట మంచిది కాదు. సోడా వలన విటమినులు చెడును.

మూడవది, వార్చిన నీటిని పారబోయరాదు. విటమినులు కొన్ని అందులోనే దిగియుండును.

నాల్గవది, దినుసులకు ఒక వేళ, పచ్చి ఆకులకు ఒక వేళ కలదు. ఆవాలు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి వీటి వాసన నూనెలో దిగును గాన వాటిని మొదట కాగిన నూనెలో వేయించవలెను. కొత్తిమీర, పుదీనా వాసన ఆవిరితో ఎగిరిపోవును గాన వాటిని గిన్నె దింపునప్పుడు వేసి మూత పెట్టవలెను. కరివేపాకు రెండు వేళలకును తగినదే.

ఐదవది, పులుపు. ఆకుకూరలలోని ఇనుమును మన శరీరము అంత సులభముగా గ్రహించలేదు. సి విటమిను తోడైనచో ఎక్కువ గ్రహించును. కావున దింపిన తరువాత నిమ్మరసము పిండుట రుచికే కాదు, నెత్తురుకును మేలు. భోజనము చేసిన వెంటనే టీ త్రాగినచో ఇనుము గ్రహింపునకు అడ్డు కలుగును. ఒక గంట ఆగి త్రాగండి.

ఆరవది, కొంచెము నూనె ఉండవలెను. ఆకుకూరలలో ఎ విటమినుగా మారు పదార్థము కొవ్వుతో కలిసినప్పుడే వంటబట్టును. మన చేని వేరుశనగ నూనె ఒక చెంచాడు చాలును.

వానకాలము: ఆకుకూరల బస్సారు

తొలకరి వానలు పడగానే పెరటిలో తోటకూరయు, చేని గట్లపై దొగ్గలి, చెంచలాకు, గురుగాకును మొలుచును. వీటికి మన పెద్దలు చూపిన దారి బస్సారు. కన్నడములో ‘బసి’ అనగా వార్చుట. వార్చిన నీటితో చేసిన చారు గాన ఆ పేరు వచ్చినది. మడకశిర, హిందూపురం వైపు రెండు భాషల ఇండ్లలోను ఇది కలదు. పారబోయవలసిన నీరే ఇందులో అసలు సరుకు. విటమినుల పేరు వినని కాలమున మన అవ్వలు చేసిన ఈ వంటను, నేటి పోషకాహార శాస్త్రము మెచ్చుకొనక తప్పదు.

అయిదుగురికి చేయు విధము: 150 గ్రాముల కందిబేడలను గాని, అలసందలను గాని ఒకటిన్నర లీటరు నీటిలో ఉడికించవలెను. గింజ మెత్తబడవలెను, చిదిమిపోరాదు. అప్పుడు కడిగి తరిగిన అరకిలో ఆకుకూర, కొంచెము ఉప్పు వేసి, అయిదు నిమిషములు మూతపెట్టి ఉడికించి, నీటిని వేరొక గిన్నెలోనికి వార్చవలెను. నాలుగైదు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఉల్లిగడ్డ కొంచెము నూనెలో వేయించి, గుప్పెడు కొబ్బరి, నిమ్మకాయంత చింతపండు, గుప్పెడు ఉడికిన కూర చేర్చి మెత్తగా నూరవలెను. ఈ ముద్దను వార్చిన నీటిలో కలిపి, ఉప్పు సరిచూచి, ఒక తెర్లు రానిచ్చి దింపి, కొత్తిమీర వేసి ఆవాలు, కరివేపాకు తిరగవాత పెట్టవలెను. మిగిలిన కూరను, బేడలను ఉల్లిగడ్డ, ఎండుమిర్చితో తాళింపు చేసినచో పల్యము సిద్ధము. ఒకే పొయ్యి మీద సంగటికి చారు, నంజుకొనుటకు పల్యము రెండును వచ్చినవి. నీరు ఒక్క చుక్కయు పోలేదు.

చలికాలము: అనపకాయలు, వంకాయలు

మార్గశిర, పుష్య మాసములలో అనపకాయలు వచ్చును. మంచు పడిన అనపకాయకు వచ్చు సువాసన మన ప్రాంతమువారికి వర్ణించి చెప్పనక్కరలేదు. లేత గింజలను వొలిచి, మునుగునంత నీటిలోనే ఉడికించండి. పచ్చి మసాలాకు గుప్పెడు కొత్తిమీర, కొంచెము పుదీనా, మూడు పచ్చిమిరపకాయలు, అల్లము, వెల్లుల్లి, కొబ్బరి నూరి, గింజ ఉడికిన పిమ్మట కలిపి రెండు నిమిషములకు మించకుండ ఉడికించవలెను. హిందూపురం వైపు సబ్బసిగె ఆకు అని పిలుచు సోయికూరను గుప్పెడు వేసినచో మరింత బాగుండును. గింజలను రాత్రి నానబెట్టి, ఉదయము పితికి పొట్టు తీసినచో పితికిపప్పు అగును. అనపగింజలను ఎప్పుడును బాగుగా ఉడికించియే తినవలెను, పచ్చిగా తినరాదు.

వంకాయలను చింతపండు, వేయించిన వేరుశనగ పొడి, ధనియాలతో గుత్తిగా వండినచో కొవ్వు, మాంసకృత్తులు రెండును లభించును. సాధారణ దినములలో ఊరిబిండి చేయునప్పుడు కూడ గుప్పెడు కొత్తిమీర గాని, నూనెలో వాడ్చిన మెంతికూర గాని చేర్చి నూరండి. ఒట్టి కారము కొంత తగ్గి, ఆకు కడుపులోకి పోవును.

ఎండకాలము: తీగ కాయలు, చిగుళ్ళు

ఎండకాలములో ఆకు తగ్గిపోవును. అప్పుడు బీర, సొర, దోస తీగలు ఆదుకొనును. బీర, సొర కాయలలో నీరు విస్తారముగా ఉన్నది గాన వేరుగా నీరు పోయనక్కరలేదు. మూతపెట్టి సన్నని సెగపై తమ నీటిలోనే ఉడకనివ్వండి. లేత బీరకాయ చెక్కును పారవేయక పచ్చిమిర్చి, వెల్లుల్లి, పుదీనాతో పచ్చడి చేయవచ్చును. సొరకాయను వండుటకు ముందు చిన్న ముక్క నాలుకపై పెట్టి చూచి ఉమ్మివేయండి. చేదుగా ఉన్నచో ఆ కాయను పారవేయవలెను. ఆ చేదు విషము వండినను పోదు. చింతచిగురు వచ్చు దినములలో చింతపండుకు బదులు దానితోనే పప్పు చేయండి. మునగాకు ఎండకాలములోను చెట్టునిండ ఉండును, దానిని పశువుల మేతకే వదలరాదు.

కారము ఒక్కటే రుచి కాదు

మన సీమ భోజనమునకు కారము పేరు. కాని మిరపయు, వేరుశనగయు పుట్టింటి పంటలు కావు. రెండును అమెరికా ఖండముల నుండి వచ్చినవి. 16వ శతాబ్దములో పోర్చుగీసువారి రాకతో మిరప మన దేశమున వ్యాపించినది. అంతకు పూర్వము మన ఘాటు మిరియాలది. పరదేశపు మిరపను మనదిగా చేసుకొన్నవారికి, పెరటిలోని మెంతి, పుదీనా, సోయి ఆకులు అలవాటు చేసుకొనుట కష్టము కాదు. ఇందులో మరియొక లాభము కలదు. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములకు లోబడి ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పచ్చి ఆకుల వాసన, నిమ్మ పులుపు ఉన్న కూరకు ఉప్పు కొంచెము తగ్గినను నాలుక గుర్తుపట్టదు. రక్తపు పోటు ఉన్నవారికి ఇది మేలు.

జాగ్రత్తలు

కలుపు మందు గాని, పురుగు మందు గాని చల్లిన చేనిలో, గట్లపై మొలిచిన ఆకును కోయరాదు. కూలికి వచ్చినవారు తెలియక ఒడిలో వేసుకొని పోవుదురు. మందు చల్లిన రైతు వారికి ముందుగా చెప్పవలెను, ఇది అతని ధర్మము. వేరుశనగకు తెచ్చి మిగిలిన మందును పెరటి కూరలపై చల్లరాదు.

ఇంకొక మాట. పెరటి కూర మందుకు బదులు కాదు. గర్భిణీ స్త్రీలకు, బాలికలకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చు ఇనుము మాత్రలను మానరాదు. మాత్ర తన పని చేయును, కూర తన పని చేయును.

చివరిగా, మన ఇండ్లలో ఒక ఆచారమును మార్చుకొనవలసి యున్నది. అందరును తిన్న తరువాత ఇల్లాలు తినును. అప్పటికి గిన్నెలో కూర ఉండదు, అడుగున కొంచెము చారు ఉండును. నెత్తురు చాలనిది ఆమెకే, కూర దక్కనిదియు ఆమెకే. కావున కూర దింపగానే ఆమె పాలు ఒక గిన్నెలో తీసి మూతపెట్టండి. ఈ పని ఇంటి యజమాని తన చేతితో చేసినచో మరియు శ్రేష్ఠము.

రేపు ఉదయము పెరటిలో ఒక మడి త్రవ్వి పిడికెడు ధనియాలు చల్లండి. రేపు రాత్రి ఆకుకూర వార్చిన నీటితో చారు కాచండి. చేనిలో నీటి చుక్కను కాపాడుకొనుట మీకు తెలిసిన విద్యయే. దానిని వంటయింటి గడప దాటి లోపలికి తీసికొని పోవలసినదిగా కోరుచున్నాను.