మరుగుపడిన ముష్టియోధుడు

2007లో వెలువడిన 'రిసరెక్టింగ్ ది చాంప్' అను అమెరికా చిత్రములో ఒక యువ విలేఖరికి వీధిపాలైన వృద్ధుడొకడు తారసపడును. తాను ఒకనాటి ముష్టియోధుడు బాబ్ శాటర్‌ఫీల్డునని అతడు చెప్పుకొనును. విలేఖరి నమ్మి వ్రాసిన వ్యాసము గొప్ప పేరు తెచ్చును. అచ్చయిన పిదప గాని ఆ వృద్ధుడు వేరొకడని తేలదు. అసలు శాటర్‌ఫీల్డు 1977లోనే గతించినాడు.

ఈ కథకు మూలము 1997లో జె. ఆర్. మొహ్రింగర్ లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రికకు వ్రాసిన వ్యాసము. అయితే ఆయన అచ్చునకు ముందే విచారించి, నిజము కనుగొని, తాను మోసపోయిన తీరునే వ్రాసినాడు. చిత్రమునకును జీవితమునకును భేద మిదియే.

మన పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారును పత్రికా సంపాదకులే. తెలంగాణమున కవులు పూజ్యమన్న మాటకు వారు కోపముతో గాక, 1934లో 354 మంది కవులతో కూర్చిన 'గోలకొండ కవుల సంచిక'తో బదులిచ్చినారు. మరుగుపడినవారి పక్షమున నిలుచుటకు జాలి చాలదు, ఆధారము కావలెను.

నల్లగొండ, పాలమూరు పల్లెలలో ఒకనాటి తాలింఖానా ముచ్చట్లు చెప్పు ముదుసలి ఎదురైనచో ఓపికతో విందము. పిదప ఊరివారిని కూడ అడుగుదము. ఒకని కీర్తిని మరొకనికి కట్టబెట్టినచో, అసలువాడు రెండవమారు మరుగుపడును గదా!