మాట తప్పిన వర్తకుడు – లెక్కలో వేగము

నగరములోని ఒక కొబ్బరి రైతు, ఆరు నెలల తరువాత వచ్చు దింపులోని 10,000 కాయలను కాయ 12 రూపాయల వంతున అంబాజీపేట వర్తకునికి అమ్ముటకు నేడే ఒప్పుకొనెననుకొందము. అప్పటికి ధర 15 రూపాయలైనచో, వర్తకుడు ఐ.పి. పెట్టినను రైతునకు చింత లేదు. కాయలు తన చేతిలోనే యుండును. ధర 9కి దిగి, వర్తకుడును దివాలా తీసినప్పుడే 30,000 రూపాయల నష్టము. రెండు కీడులును కలిసి రావలెను.

వడ్డీ రేట్లమీద, విదేశ ద్రవ్యముమీద బ్యాంకులు వ్రాసికొను డెరివేటివు ఒడంబడికలలోను భయమిదియే. ఎదుటివాని పరపతి దినదినము మారును గనుక లెక్కయు దినదినము వేయవలెను. అందుకే వేగము కావలెను.

ఇందుకు వాడుకలోనున్నది మాంటీ కార్లో పద్ధతి. పేరు జూదపు పట్టణముదే గాని పద్ధతి గౌరవమైనదే. యంత్రము పాచికలు వేసినట్లు భవిష్యత్తును వేలమార్లు కల్పించి సగటు తీయును. ధర 9 అగుటకు, 15 అగుటకు సమానావకాశమనియు, వర్తకుడు చెడుట నూటికి రెండనియు మేము పెట్టుకొంటిమి. 10,000 మార్లు వేసినచో నష్టము తగులునది సుమారు 100 మార్లే. తక్కినదంతయు సున్నలు కూడుటయే. సగటు నష్టము 300 రూపాయలు. అంచనాలో తేడా ఇంచుమించు 30 రూపాయలు.

ఇప్పుడు వర్తకునికై పాచిక వేయక, ధరకు మాత్రమే వేసి, రైతునకు రావలసిన మొత్తమును నూటికి రెండు చొప్పున కట్టుదము. సగటు అదే 300. అంతటి నిశితత్వమునకు 100 మార్లు చాలును! తెలిసినదానిని పాచికలకు వదలరాదను ఈ భావము, వాల్తేరులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1945లో ప్రకటించిన సిద్ధాంతమునకు దగ్గరి చుట్టము. తరువాత అమెరికాలో బ్లాక్‌వెల్ దానినే వేరుగా కనుగొనుటచే అది రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమైనది.

అయితే పై లెక్కలో మేము ఒకటి దాటవేసితిమి. ధర పడినప్పుడే కదా వర్తకుడు చెడుట! 12కు బేరమాడిన సరుకును 9కి అమ్ముకొనవలసినవాడతడే. ధర 9 అయిన నూటికి నాలుగు, 15 అయిన సున్న అనుకొన్నను మొత్తముమీద నూటికి రెండే. కాని సగటు నష్టము 600. కావున ప్రతి ధరకు తగిన అవకాశముతోనే గుణింపవలెను. అట్లు చేసినను వేగమేమియు తగ్గదు. 2008లో లేమాన్ బ్రదర్స్ కూలినప్పుడు ఇట్టి భయములు లోకమునకు కండ్లబడినవి. మన రైతు బేరమాడునాడు ధరలో చేర్చి అడుగవలసినది 300 కాదు, 600.