ప్రయాణానికి ముందే పుట్టే అప్పు

 పట్టాలు అందుకుని ఈ హాల్లోంచి కొలువుల కోసం ఊళ్లూ దేశాలూ దాటబోయేవాళ్లు చాలామందే ఉంటారు. అలాగే బయల్దేరిన వియత్నాం పిల్లల కథ ఇవాళ వాళ్లు వినాలి.

2019 అక్టోబర్ 23 వేకువజామున ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఒక కంటైనర్ తలుపు తెరిస్తే లోపల 39 మంది వియత్నామీయుల మృతదేహాలున్నాయి. వారిలో ఎనిమిది మంది ఆడవాళ్లు. పదిహేనేళ్ల పిల్లలు ఇద్దరు. బెల్జియంలోని జేబ్రుగ్ రేవులో ఓడెక్కించిన ఆ ఇనుప పెట్టెలోకి గాలి వచ్చే దారి లేదు. ఊపిరాడని ఆఖరి నిమిషాల్లో కొందరు ఫోన్లు తీసి ఇంటివాళ్లను క్షమించమని వేడుకున్నారు. వాళ్లను పంపడానికి ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టిన కుటుంబాలున్నాయి.

కడుపు మాడి వెళ్లారా అంటే, కాదు. 1986లో ‘దోయ్ మోయ్’ ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక వియత్నాం ముఖం మారిపోయింది. 1993లో జనాభాలో సగానికి పైగా పేదలే. ఆ బాధ ఇప్పుడు చాలావరకు తీరింది. ఉత్తరాన బాక్ నిన్, థాయ్ న్గుయెన్‌లలో శాంసంగ్ ఫ్యాక్టరీలు లేచాయి. కానీ మృతుల్లో ఎక్కువమంది న్గె ఆన్, హా తిన్ రాష్ట్రాలవాళ్లు. దేశం మధ్యభాగంలోని ఆ తీరానికి ఫ్యాక్టరీ జీతాలు అంతగా చేరలేదు. పైగా 2016లో హా తిన్‌లోని ఫార్మోసా ఉక్కు కర్మాగారం వదిలిన విషజలాలకు నాలుగు రాష్ట్రాల పొడవునా చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కంపెనీ 50 కోట్ల డాలర్ల పరిహారం కట్టింది. వల వేసి బతికే ఇంటికి మాత్రం సముద్రం మీద నమ్మకం పోయింది. పక్కింట్లో విదేశీ సొమ్ముతో మేడ లేస్తుంటే, కొడుకునో కూతురునో పంపాలన్న ఆశ పుట్టదా?

వియత్నాం యుద్ధం ముగిసిన 1975 తర్వాత పడవల్లో పారిపోయిన లక్షల మందిది ప్రాణభయం. బతికి ఒడ్డు చేరినవాళ్లలో ఎందరో కాలిఫోర్నియాలో నెయిల్ సెలూన్లు పెట్టి నిలదొక్కుకున్నారు. ఇప్పటివాళ్ల మెడకు చుట్టుకున్నది అప్పు.

చట్టబద్ధంగా వెళ్లినా అప్పు వదలదు. జపాన్‌లో ‘టెక్నికల్ ఇంటర్న్’ పేరుతో పొలాల్లో, కుట్టు కార్ఖానాల్లో, భవన నిర్మాణంలో పనిచేసే విదేశీయుల్లో దాదాపు సగం మంది వియత్నామీయులే. 2022లో జపాన్ ప్రభుత్వం వెల్లడించిన సర్వే ప్రకారం, బయల్దేరే ముందు ఒక్కొక్కరు సగటున కట్టింది దాదాపు 6.9 లక్షల యెన్లు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లకు అయింది సుమారు 95 వేలే. పని అదే, దేశం అదే. తేడా ఎక్కడంటే, ఖర్చు యజమానే పెట్టుకోవాలని ఫిలిప్పీన్స్ పట్టుబట్టింది. అప్పు నెత్తిన ఉన్న పిల్లవాడు మేస్త్రీ కొట్టినా నోరెత్తలేడు. యజమానిని మార్చుకోవడానికీ మామూలుగా వీల్లేదు. తాళలేక పారిపోతే అక్రమ వలసదారుగా మిగిలే ప్రమాదం. చివరికి ఆ ఇంటర్న్ పథకాన్నే రద్దు చేయాలని జపాన్ 2024లో చట్టం చేసింది. కార్మికుల నుంచి దళారీ కమీషన్ వసూలు చేయకూడదని వియత్నాం చట్టం 2022 నుంచి చెబుతోంది. సేవా రుసుము మాత్రం ఇంకా వాళ్ల మీదే.

జగిత్యాల, నిజామాబాద్, కోనసీమల నుంచి గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన మనకు ఈ లెక్క కొత్తేం కాదు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదని మన దేశంలో నిబంధన ఉంది. ఇవాళ్టి పట్టభద్రుల్లో కొందరు రేపు బ్యాంకులో, లాయరు ఆఫీసులో, కలెక్టరేట్‌లో కూర్చుంటారు. గల్ఫ్‌కు వెళ్లే మనిషి అప్పు కాగితం వాళ్ల బల్ల మీదికి వస్తుంది. ఎవరికెంత కట్టాడో, రశీదు ఇచ్చారో లేదో సంతకం పెట్టే ముందే అడగాలి.