అప్పు కోసం కాదు, మన కోసం లెక్క రాద్దాం

(బార్కస్‌లో జామ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిజాం కాలంలో అరబ్బు సైనికులుండే బ్యారక్స్ పేరే జనం నోట బార్కస్ అయింది. ఆ తర్వాత ఈ ఊరు జామతోటలకు పేరుపడింది. పట్నం బజారు పక్కనే ఉండేది కాబట్టి పొద్దున కోసిన కాయ ఆ పూటే అమ్ముడుపోయేది. ఇప్పుడు తోటలు చాలావరకు ఇళ్లయిపోయాయి. మీ తోటలేమో దూరాన ఉన్నాయి. కాయ మెత్తబడేలోగా పట్నం చేర్చాలి. మన వ్యాపార ప్రణాళిక ఇక్కడి నుంచే మొదలుకావాలి.

ప్రణాళిక అంటే బ్యాంకు కోసం ఎవరితోనో రాయించుకునే కాగితం అనుకుంటాం. ఆ కాగితంలో కాయంతా అమ్ముడవుతుంది, ధర ఎన్నడూ పడిపోదు. అప్పు వస్తుంది. కిస్తీ కట్టే రోజున అసలు లెక్క బయటపడుతుంది.

ఒక లెక్క చేద్దాం. వంద కిలోలు కోశామనుకోండి. పది కిలోలు దెబ్బతిన్నాయి. మిగిలిన తొంభై కిలోలు కిలో 30 రూపాయలకు అమ్మితే 2,700 వస్తుంది. కోత కూలి, డబ్బాలు, ఆటో కిరాయి, కమీషన్ కలిపి 1,500 పోతే చేతిలో 1,200. అదే ధర 20కి పడితే? వచ్చేది 1,800, ఖర్చు ఇంచుమించు అంతే. మిగిలేది 300. ధర మూడోవంతు తగ్గితే మన మిగులు ముప్పాతిక భాగం పోయింది! ఎరువు, నీళ్లు, వడ్డీ, ఇంటిల్లిపాది కష్టం అన్నీ ఆ 300లోంచే రావాలి.

అందుకే ప్రణాళికలో ముందు నాలుగు సంగతులు రాయండి. ఎవరు కొంటారు? డబ్బు ఏ రోజు ఇస్తారు? ఏ నెలలో ఎంత ఖర్చు, ఎంత రాబడి? ధర పడితే కిస్తీ ఎలా కడతాం? ఇంటి ఆడవాళ్ల పనికీ కూలి కట్టి రాయండి.

జామ జెల్లీ యూనిట్ లాంటిది పెట్టాలనుకునేవారికి 2020లో మొదలైన చిన్న ఆహారశుద్ధి యూనిట్ల కేంద్ర పథకం ఉంది. అందులో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ అని పెట్టారు. కానీ అది బ్యాంకు అప్పుతో ముడిపడిన సబ్సిడీ. సబ్సిడీని చూసి మిషను కొనకండి. కొనేవాళ్లను చూసుకుని కొనండి.

లెక్క రాసినంత మాత్రాన ధర రాదు, నిజమే. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో జామ లేదు. అయితే పదిమంది రైతుల లెక్కలు ఒకచోట పెడితే బేరం దగ్గర మన మాటకు బలం వస్తుంది, ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఆధారమూ దొరుకుతుంది. వచ్చే సమావేశానికి అందరూ ఈ కాపు లెక్క నోటుబుక్కులో రాసుకుని రండి. కలిసి కూర్చుని చూద్దాం.