మీ ఫోన్‌లో దాక్కున్న 214 కోట్ల ప్రైమ్ నంబర్

మెట్‌పల్లి నుంచి మరో ఎపిసోడ్. ఇవాళ ఒకే ఒక్క నంబర్: 2147483647. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647.

కోడింగ్ చేసేటోళ్లకు ఇది పాత దోస్తు. 32 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య. 2014లో 'గంగ్నమ్ స్టైల్' వ్యూస్ దీన్ని దాటుతుంటే యూట్యూబ్ తన కౌంటర్‌నే 64 బిట్లకు మార్చుకుంది.

ఇదే నంబర్ ప్రైమ్ కూడా. 31 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే ఇది వస్తది. ఇట్లాంటివన్నీ ప్రైమ్‌లు కావు. 16 బిట్ల లిమిట్ 32767 ఉంది కదా, అది 7తో భాగం పోతది. 64 బిట్లదీ అంతే. అంటే ఇది ఇంజినీర్ల ప్లాన్ కాదు, అట్ల కలిసొచ్చింది.

ఇది ప్రైమ్ అని తేల్చింది ఆయిలర్, 1772లో. కంప్యూటర్ లేదు, పైగా అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46340 దాకా ఉన్న ప్రైమ్‌లన్నిటితో భాగించి చూడాలి. నాలుగున్నర వేలకు పైనే! ఆయనకు ఒక సంగతి తెలుసు. పవర్ 31 కాబట్టి, దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగిస్తే 1 మిగలాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ రెండు షరతులకూ నిలబడేవి 373 సంఖ్యలే. వాటిల్లో ప్రైమ్ కానివి మళ్లీ తీసేయొచ్చు.

చిన్నదాని మీద చూద్దాం. 2 పవర్ 11లో ఒకటి తీసేస్తే 2047. 11కి రెట్టింపు 22. దానితో భాగిస్తే 1 మిగిలే మొదటి ప్రైమ్ 23. వేసి చూడండి, 23 ఇంటూ 89. దొరికిపోయింది!

1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లండ్ పండితుడు, దీన్ని దాటి ఇంక ఎవరూ పోరు, ఇవి పనికొచ్చేవి కావు కదా అన్నట్టు రాసిండు. పాపం, ఆయనకు రాండమ్ నంబర్ల సంగతి తెల్వదు. చేతిలో ఉన్న సంఖ్యను 16807తో గుణించు, 2147483647తో భాగించు, శేషం తీసుకో, మళ్లీ అదే చెయ్. ఇది ప్రైమ్ కాబట్టి, 16807ను చూసి ఎంచుకున్నరు కాబట్టి, 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చినంకనే చక్రం మొదటికొస్తది. సీ ప్లస్ ప్లస్‌లో ఇప్పటికీ ఉంది. పాస్‌వర్డ్‌లకు మాత్రం వాడకండి, ఒక్క సంఖ్య దొరికితే తర్వాతిది ఎవరైనా చెప్పేస్తరు.

ఇప్పుడు భయపెట్టే ముచ్చట. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల సిస్టమ్‌లు ఇంకా ఉన్నయి. 2038 జనవరి 19, మంగళవారం, మన టైమ్ పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు వాటి లెక్క సరిగ్గా ఈ నంబర్‌కు చేరుతది. మరుసటి సెకనులో తేదీ 1901 డిసెంబర్‌కు పడిపోతది. మీ ఫోన్ 64 బిట్లదైతే దిగుల్లేదు. ఎవరూ ముట్టుకోకుండా ఏండ్లుగా నడుస్తున్న పాత మెషిన్లతోనే తంటా.

సరే, మీకో పని. 2 పవర్ 13లో ఒకటి తీసేస్తే 8191. ప్రైమా, కాదా? ఆయిలర్ దారిలో పోతే ఒక్క భాగహారం చాలు. దేంతో భాగించిన్రో కామెంట్‌లో పెట్టండి.