నలభైమూడో గడి
స్వామి జ్ఞానానంద స్మారకోపన్యాసం, సల్మానియా (బహ్రెయిన్)



స్వామి జ్ఞానానంద గురించి మాట్లాడేవారు చాలామంది హిమాలయాల దగ్గరే ఆగిపోతారు. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టడం, ఇల్లు విడిచి సన్యసించడం, ఏళ్ల తరబడి యోగసాధన, ఆపైన జర్మనీ ప్రయాణం. ఈ కథ వినసొంపుగా ఉంటుంది. నన్ను పట్టి నిలిపేది మాత్రం ఆ తరువాతి జీవితం. వేదాంతోపన్యాసాలు చెప్పుకుంటూ గౌరవంగా కాలం గడపగలిగిన మనిషి, ముప్పై దాటిన వయసులో డ్రెస్డెన్‌లో గణితం, భౌతికశాస్త్రం నేర్చుకోవడానికి విద్యార్థిగా కూర్చున్నారు. అక్కడి నుంచి ఆయన పట్టుకున్న పని ఒక్కటే: పరమాణువు లోపలి నుంచి వచ్చే కిరణాలను తప్పు లేకుండా కొలవడం.

ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆయన ఎక్స్‌రే వర్ణపటాల మీద పనిచేశారు. గురువు వాత్స్లవ్ డొలేషెక్. ఈ పేరు దగ్గర కాసేపు ఆగాలి. ప్రతి మూలకానికీ తనవైన ఎక్స్‌రే రేఖలు ఉంటాయి కనుక, ఆవర్తన పట్టికలో ఖాళీగా మిగిలిన గడులను నింపడానికి ఆ రోజుల్లో అదే పెద్ద ఆధారం. మాంగనీసు కింద రెండు గడులు ఖాళీ: 43, 75. డొలేషెక్, హెయ్‌రోవ్‌స్కీ కలిసి 1925లో మాంగనీసు లవణాల్లో 75 కోసం వెదికారు. అదే ఏడాది జర్మనీలో వాల్టర్ నొడాక్, ఇడా టాకె, బెర్గ్ ఆ రెండు మూలకాలూ దొరికాయని ప్రకటించారు. 75 నిలబడింది, దానికి రీనియం అని పేరు. 43 నిలబడలేదు. దానికి స్థిరమైన ఐసోటోపు ఒక్కటీ లేదు. భూమి పుట్టినప్పుడు ఉన్నదంతా ఎప్పుడో క్షయించిపోయింది. చివరికి 1937లో పలెర్మోలో పెర్రియే, సెగ్రే దాన్ని పట్టుకున్నారు, అదీ గనిలో తవ్విన రాతిలో కాదు. బర్క్‌లీ సైక్లోట్రాన్‌లో దెబ్బలు తిన్న మాలిబ్డినం రేకును కరిగించి, రీనియంతో కలిసి నడిచే రేడియోధార్మికతను రసాయనికంగా వేరుచేసి చూపించారు. అదే టెక్నీషియం. డొలేషెక్ నాజీల చెరలో, టెరెజిన్‌లో 1945 జనవరిలో కన్నుమూశారు.

ఈ ఆసుపత్రి పేటలో 43 కొత్త అంకె కాదు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పనిచేసే మన పిల్లలకు అది రోజువారీ వ్యవహారం. మాలిబ్డినం-99 అల్యూమినా గొట్టంలో అంటుకుని ఉంటుంది, అర్ధాయువు 66 గంటలు. ఉప్పునీరు పంపితే దాని సంతానమైన టెక్నీషియం-99ఎమ్ మాత్రమే కరిగి కిందికి వస్తుంది. మరునాటికి మళ్లీ నిండుతుంది. అందుకే ఆ పెట్టెను ఆ వృత్తిలోవారు ఆవు అంటారు. వచ్చిన దాని అర్ధాయువు ఆరు గంటలు. ఎముకనో గుండెనో చూసేలోపే అది తగ్గుతూ వస్తుంది.

ఇప్పుడు లివర్‌పూల్‌కు వద్దాం. న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర జ్ఞానానంద బీటా కిరణాల వర్ణపటం మీద పనిచేశారు. బీటా కిరణమంటే రేడియోధార్మిక కేంద్రకం విసిరే ఎలక్ట్రాన్. అయస్కాంత క్షేత్రంలో అది ఎంత వంగిందో చూసి దాని శక్తిని లెక్కకట్టాలి. దారిలో గాలి తగిలితే శక్తి పోతుంది, లెక్క చెడుతుంది. అందుకే గదిలో శూన్యం కావాలి, అదీ మంచి శూన్యం. కొలవవలసిన పదార్థం కూడా పలచటి పొర మీద, ఇతర మూలకాల మలినం లేకుండా ఉండాలి. మందంగా ఉంటే ఎలక్ట్రాన్లు బయటికి రాకముందే బలం కోల్పోతాయి. రసాయనం ఇక్కడే మొదలవుతుంది. రసాయనజ్ఞుడు సరిగ్గా వేరుచేయకపోతే భౌతికజ్ఞుడు కొలిచేది అబద్ధం. యుద్ధకాలం మిషిగన్ విశ్వవిద్యాలయంలో గడిపిన స్వామి, 1947లో న్యూయార్క్ నుంచి వాన్ నోస్ట్రాండ్ వారు ప్రచురించిన 'హై వాక్యువా' (అధిక శూన్యం) అనే పుస్తకాన్ని రాశారు. సన్యాసి రాసిన పుస్తకం పంపుల గురించి, గేజీల గురించి అంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. నాకైతే అది ఆయన జీవితకథ కన్నా ముఖ్యం.

స్వాతంత్ర్యం వచ్చాక తిరిగివచ్చి ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1950లలో వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. ట్రాంబేలో అప్సర అణురియాక్టర్ 1956 ఆగస్టులో పనిచేయడం మొదలుపెట్టిన కాలం అది. వాల్తేరులోని ఆ ప్రయోగశాలలు నేడు ఆయన పేరుతోనే ఉన్నాయి.

ఇంతకీ కిరణాల శక్తిని అంత జాగ్రత్తగా కొలవడం ఎందుకు? టెక్నీషియం-99ఎమ్ వంద కేంద్రకాల్లో సుమారు 89 మాత్రమే 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్ని బయటికి పంపుతాయి. కెమెరాకు కనిపించేది అదే. మిగతా 11లో ఆ శక్తి పరమాణువు సొంత ఎలక్ట్రాన్‌కే చేరి, అది రోగి ఒంట్లోనే ఆగిపోతుంది. బొమ్మలో కనబడని ఆ 11ని లెక్కలో వేయకపోతే మోతాదు లెక్క తప్పు. ప్రతి ఐసోటోపుకూ ఇలాంటి పట్టికలను ప్రపంచమంతటా ఉన్న వర్ణపట ప్రయోగశాలలు ఏళ్లు కూర్చుని నింపాయి. వాల్తేరులో ఆయన నేర్పింది ఆ విద్యే.

1969లో స్వామి కన్నుమూశారు. ఆయన మీద తెలుగులో వచ్చిన రాతల్లో ప్రయోగశాలకు చోటు చాలా తక్కువ. రేకుల మీద పలచటి పొర ఎలా వేశారు, పంపులు ఎలా కూర్చారు, ఒక ఐసోటోపు రేఖను నమ్మేముందు ఎన్ని రకాలుగా సరిచూశారు? వాల్తేరు సిద్ధాంత గ్రంథాల నుంచి ఇవన్నీ ఏరి తెలుగులో రాయవలసి ఉంది. రేడియోధార్మికతతో రోజూ పనిచేసే మీలాంటివారే ఆ పని మొదలుపెట్టాలని నా కోరిక.